దేశదేశముల ముచ్చటలు: పరదేశమున తల్లిపలుకు



ఈ శీర్షికక్రింద మాసమునకొక దేశపు స్త్రీల గృహజీవనమును గూర్చి ముచ్చటించుకొనుచున్నాము. ఈ మాసమున ఒక దేశపు స్త్రీలను గాక, ఒకే దేశమునకు వలసపోయిన పలుదేశముల స్త్రీలను గూర్చియు, వారు వెంట గొనిపోయిన భాషలను గూర్చియు వ్రాయదలచితిని. ఆ దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. వలసపోవు స్త్రీ నగలు గొనిపోవచ్చును, ఊరగాయ జాడీలు గొనిపోవచ్చును. నగలు అక్కఱకు అమ్ముడుపోవును. ఊరగాయలు ఏడాది తిరుగకమునుపే నిండుకొనును. సుంకము లేక, బరువు లేక ఆమె వెంట బోవునది భాష యొక్కటే. అది ఆ పరాయిగడ్డపై ఎన్నాళ్లు నిలుచును? ఏల కొందఱి యిండ్లలో పది తరములు నిలుచుచున్నది, మఱి కొందఱి యిండ్లలో ఒక తరముననే అడుగంటుచున్నది? అమెరికాలో కొడుకో కూతురో కాపురముండని బంధువర్గము మన తెలుగునాట నేడు అరుదు గనుక, ఈ ప్రశ్న మనకు దూరపు ముచ్చట గాదు.

ముందుగా కొన్ని లెక్కలు చూతము. 2019లో ఆ దేశపు జనాభా శాఖవారు తేల్చినదానినిబట్టి, ఐదేండ్లు నిండినవారిలో 6 కోట్ల 78 లక్షలమంది తమ యిండ్లలో ఇంగ్లీషు గాక వేఱొక భాషను మాటలాడుచుండిరి. అనగా ఐదుగురిలో ఒకరికంటె కొంచె మెక్కువ. 1980లో ఈ సంఖ్య 2 కోట్ల 31 లక్షలు మాత్రమే. ఈ భాషలన్నిటిలో స్పానిషు పెద్దది. దానిని మాటలాడువారే 4 కోట్ల 18 లక్షలు. అయినను స్పానిషును కేవలము వలసభాష యనుట సరికాదు. ఇంగ్లీషువారు 1607లో జేమ్సుటౌనున స్థిరపడుటకు ముందే, 1598లో స్పెయినువారు నేటి న్యూమెక్సికో రాష్ట్రమున కాపురములు పెట్టిరి. స్పానిషు తరువాత చీనా భాషలు 35 లక్షలమందికి, ఫిలిప్పీనువారి టగలాగు పదునేడు లక్షలకు మించినవారికి, వియత్నాము భాష పదునైదు లక్షలకు మించినవారికి, అరబ్బీ పండ్రెండు లక్షలకు మించినవారికి ఇంటిభాషలుగా నుండెను. ఇక ఆ దేశపు ఆదివాసుల భాషలు వలసవచ్చినవి గావు. వాని కథ వేఱు, వాని దుఃఖము వేఱు.

ఈ లెక్కలు చూచి, అమెరికాలో ఎవరి భాష వారికి చెక్కుచెదరక నిలుచుచున్నదని తలపరాదు. ఎగువనుండి క్రొత్తనీరు వచ్చుచున్నంత కాలము కాలువ నిండుగనే కనబడును. పైనీరు కట్టువడిన కొలదిదినములకే అడుగు తేలును. వలసవచ్చినవారి భాషయు అంతియే. వచ్చిన తరమువారు తమ భాషనే మాటలాడుదురు. వారి బిడ్డలు ఆ భాషను విని గ్రహింతురు గాని ఇంగ్లీషున బదులు చెప్పుదురు. ఆ బిడ్డల బిడ్డలకు నాలుగు తిండిపేర్లు, రెండు తిట్లు, ఒక జోలపాట చివర మిగులును. జాషువా ఫిష్మన్ అను పండితుడు ఈ క్షయమును గూర్చి 1966లో పెద్ద గ్రంథము ప్రకటించెను. 2006లో దక్షిణ కాలిఫోర్నియాలో కొందఱు సామాజిక శాస్త్రజ్ఞులు విచారించి, పొరుగుననే మెక్సికో దేశముండియు, లక్షలకొలది జనము మాటలాడుచుండియు, స్పానిషు సైతము మూడవ తరముతో చాలవఱకు సన్నగిల్లుచున్నదని తేల్చిరి. స్పానిషు గతియే ఇట్లుండగా తక్కిన చిన్న భాషల గతి చెప్పవలెనా?

జర్మనులకు పట్టిన గ్రహణము

మొదట జర్మనుల కథ వినుడు. 1683లో కొన్ని కుటుంబములు పెన్సిల్వేనియాకు వచ్చి జర్మనుటౌను అను గ్రామమును కట్టుకొనిరి. తరువాత వేలకొలది జనము వచ్చిరి. బెంజమిను ఫ్రాంక్లిను పేరు మీరు వినియుందురు. ఆయన 1732లో వీరికొఱకు జర్మను భాషలో ఒక పత్రికను అచ్చువేసి చూచెను, అది నిలువలేదు. ఆయనయే 1751లో వ్రాసిన యొక వ్యాసమున, వీరు మనవలె మాఱుటకు బదులు మనలను తమవలె మార్చివేయుదురేమో యని చింతించెను. క్రొత్తగా వచ్చినవారి భాషను జూచి ముందు వచ్చినవారు జడియుట ఆ దేశమున అంత పాతది. జడుపు కలిగినను నూటయేబదియేండ్లు జర్మను బడులు, జర్మను పత్రికలు, జర్మను చర్చీలు ఊరూర వర్ధిల్లుచునే యుండెను.

1917లో అమెరికా జర్మనీతో యుద్ధమునకు దిగెను. అంతటితో జర్మను పలుకు శత్రువు పలుకయ్యెను. పెక్కు రాష్ట్రముల బడులలో జర్మను పాఠములు నిలిపివేసిరి. అయోవా రాష్ట్రపు గవర్నరు హార్డింగు 1918 మే నెలలో ఒక ప్రకటన చేసెను. బడులలోను, రైళ్లలోను, నలుగురు గూడుచోటులందును, టెలిఫోనులోను ఇంగ్లీషు దప్ప మఱొక భాష పలుకరాదట. ఇంగ్లీషు తెలియనివారు దేవుని ప్రార్థనను తమ యిండ్లలోనే చేసికొనవలెనట! ఆ రాష్ట్రమున స్కాటు కౌంటీలో టెలిఫోనుపై జర్మను మాటలాడిరన్న నేరమునకు కొందఱు రైతుల భార్యలు సొమ్ము చెల్లించుకొనవలసివచ్చెను. పొలమునడుమ నొంటియిల్లు, పొరుగింటికి మైళ్ల దూరము, చేత నున్నది ఒక టెలిఫోను. ఆ స్త్రీలు ఏమి మాటలాడుకొనియుందురు? ఆవు ఈనినదనియో, బిడ్డకు జ్వరము తగ్గలేదనియో గాక రాచకార్యములు మాటలాడుకొనియుందురా?

పొరుగున నున్న నెబ్రాస్కా రాష్ట్రమువారు 1919లో మఱియొక మెట్టెక్కి, ఎనిమిదవ తరగతి దాటని బిడ్డకు ఏ బడిలోనైనను ఇంగ్లీషు గాక యితర వాడుకభాష నేర్పుట నేరమని శాసించిరి. అచ్చట హామిల్టను కౌంటీలో ఒక చర్చి బడియందు రాబర్టు మేయరు అను ఉపాధ్యాయుడు 1920 మే 25వ తేదీని మధ్యాహ్నపు విరామవేళ పదేండ్ల బాలునిచేత బైబిలు కథలను జర్మనులో చదివించెను. అందులకు 25 డాలర్ల జరిమానా పడెను. సొమ్ము చెల్లించి యూరకుండిన సరిపోయెడిది. ఆయన యూరకుండక దేశపు సుప్రీముకోర్టు వఱకు పోరాడెను. 1923 జూను 4వ తేదీని న్యాయమూర్తులు ఏడుగురు ఆయన పక్షమునను, ఇద్దఱు ప్రతిపక్షమునను తీర్పు చెప్పి ఆ శాసనమును కొట్టివేసిరి. పౌరులందఱు ఇంగ్లీషు నేర్వవలెనని ప్రభుత్వము కోరుట న్యాయమే యైనను, తల్లిదండ్రులు తమ బిడ్డలను పెంచుకొని తగిన విద్య చెప్పించుకొను స్వాతంత్ర్యమును హరించు నధికారము లేదని ఆ తీర్పు సారాంశము. 1927లో హవాయి దీవులలోని జపాను భాషాపాఠశాలలను ఆ ప్రభుత్వము కట్టుదిట్టములతో బిగింపజూచినపుడును కోర్టువారు ఈ న్యాయమునే చెప్పిరి.

ఇచ్చట ఒక విశేషమున్నది. చట్టము నాలుగేండ్లకే పోయెను గాని భాష తిరిగి రాలేదు. వీథిలో చిన్నబుచ్చబడిన పలుకును తల్లులు ఇంటిలోను మానుకొనిరి. తమ పేర్లను సైతము మార్చుకొన్న కుటుంబములు కలవు. అయినను అదే జర్మను జాతిలో ఆమిషు అను మతవర్గమువారి యిండ్లలో ఆ పలుకు నేటికిని జీవించియున్నది. వీరు గుఱ్ఱపుబండ్లలో తిరుగుచు, విద్యుద్దీపములు లేని యిండ్లలో నివసించు జనులు. వీరి సంఖ్య నేడు మూడున్నర లక్షలకు మించియున్నది. ఇంట పెన్సిల్వేనియా జర్మను మాటలాడుదురు; బడిలో ఇంగ్లీషు చదువుదురు; ప్రార్థనలో ప్రాచీన గ్రంథపు జర్మను చదువుదురు. ఆఱేండ్ల బిడ్డ బడికి బోవువఱకు ఇంటిపలుకే వినును. ఏ భాష ఏ చోటునకో వారింట నిర్ణయమైయున్నది. ఒకదాని చోటును మఱొకటి ఆక్రమింపదు. వీరు ఎనిమిదవ తరగతితో చదువు చాలింతురు. పైలోకముతో పొత్తు తగ్గించుకొందురు. ఆ వెల మనము చెల్లింపలేము, చెల్లింపనక్కఱయు లేదు. కాని ఇంటి గడప లోపల ఏ భాష పలుకవలెనో నిర్ణయించుకొనునది ఇంటివారే యన్న నీతిని మాత్రము వారివలన గ్రహింపవచ్చును.

సిగ్గు తెచ్చిన నష్టము

లూసియానా రాష్ట్రమున ఫ్రెంచివారి కథయు ఇట్టిదే. 1755 మొదలుకొని ఇంగ్లీషువారు కెనడా తీరమునుండి వెడలగొట్టిన ఫ్రెంచి రైతులు తిరిగి తిరిగి లూసియానా బురదనేలల జేరి, చేపలు పట్టుకొనుచు, ఆవులను మేపుకొనుచు తమ పలుకును నిలుపుకొనిరి. 1921లో ఆ రాష్ట్రము బడులలో ఇంగ్లీషున మాత్రమే చదువు చెప్పవలెనని శాసించెను. ఇంగ్లీషు మాట యొక్కటియు ఎఱుగని పసిబిడ్డలు బడికి బోయి, మూత్రవిసర్జనకు పోవలెనని తమ భాషలో అడిగినందుకు దెబ్బలు తినిరి. బడి యావరణమున ఫ్రెంచి పలుకనని వందసార్లు పలకపై వ్రాసిరి. ఆ బిడ్డలు పెద్దవారై తల్లులైన పిమ్మట, తాము పడిన యవమానము తమ బిడ్డలు పడరాదని వారితో ఇంగ్లీషే మాటలాడిరి. ఆ తల్లులను మనము తప్పుపట్టగలమా? వారు ప్రేమచేతనే ఆ పని చేసిరి. కాని ముసలితల్లి ఫ్రెంచిలో నిట్టూర్చినపుడు మనుమరాలికి ఆ నిట్టూర్పే దెలిసెను గాని మాట దెలియలేదు. 1968లో ఆ రాష్ట్రమే ఫ్రెంచిని తిరిగి నిలుపుటకు ఒక సంఘమును స్థాపించి, ఫ్రాన్సు, బెల్జియము మున్నగు దేశములనుండి ఉపాధ్యాయులను రప్పించుకొనెను. ఒకనాడు కొట్టి మాన్పించిన దానిని మఱునాడు జీతమిచ్చి నేర్పింపవలసివచ్చెను!

కొట్టుటకంటె సిగ్గుపఱచుట బలమైనది. చికాగో నగరమున జేను ఆడమ్సు అను మహిళ 1889లో తన స్నేహితురాలితో గూడి హల్ హౌస్ అను సేవాసదనమును స్థాపించెను. ఈమెకే 1931లో నోబెలు శాంతి బహుమానము లభించెను. ఆ పేటలో ఇటలీ, గ్రీసు, రష్యా మున్నగు దేశములనుండి వచ్చిన బీదలు కాపురముండిరి. ఈమె తన గ్రంథమున ఒక ఇటాలియను బాలికను గూర్చి వ్రాసినది. ఆ పిల్ల పేరు ఏంజెలీనా. ఆమె ఆ సదనమున వంటపాఠములకు వచ్చెడిది. తల్లియు అదే సదనమునకు నూలు వడకుటకు వచ్చెడిది. తలకు గుడ్డ కట్టుకొని, మోటచెప్పులు దొడిగిన తల్లితో గలిసి వచ్చుటకు సిగ్గుపడి, ఆ పిల్ల వేఱొక ద్వారమున లోనికి బోవుచుండెడిది. ఒక సాయంకాలము పాఠశాలలను గూర్చి యెఱిగిన పెద్దలు కొందఱు వచ్చి, తల్లి చుట్టు నిలిచి, కదురుపై ఆమె నూలు దీయు నేర్పును జూచి మెచ్చుకొనసాగిరి. అమెరికాలోనే ఇట్టి నేర్పరి లేదన్నట్టు వారు మాటలాడుకొనుట ఏంజెలీనా విన్నది. ఆడమ్సు ఆ పిల్లకు ఆమె తల్లి విడిచివచ్చిన పల్లెను గూర్చియు, కొండకోనలలో నలుగురు గలిసి వడకుకొను సుఖమును గూర్చియు తెలియజెప్పెను. ఆ పిమ్మట ఆ యింట మంచము క్రింది పెట్టెలో దాచియుంచిన తల్లి నేత బట్టలు బయటికి వచ్చినవి. ఏంజెలీనాయు తల్లి వచ్చు ద్వారముననే రాసాగినది. బిడ్డ తల్లిభాషను విడుచుట ఎచ్చట మొదలగునో ఈ కథ చెప్పుచున్నది. నాలుకపై గాదు, ద్వారముకడ.

ఉత్తరాల కట్ట

1881 మొదలు 1924 వఱకు తూర్పు యూరపునుండి ఇరువదిలక్షలమంది యూదులు అమెరికాకు వచ్చిరి. వారి పలుకు యిడ్డిషు. న్యూయార్కు ఇరుకు వీథులలో కుట్టుపనులు చేసికొని బ్రదికిన ఆ జనమునకు 1897లో ఫార్వర్ట్స్ అను దినపత్రిక వెలువడెను. 1906లో ఆ పత్రికయందు 'ఉత్తరాల కట్ట' అను అర్థమిచ్చు పేరుతో ఒక శీర్షిక మొదలయ్యెను. ఇంగ్లీషు రాని స్త్రీలు తమ కష్టములను అందులకు వ్రాసికొనెడివారు: అత్తతో పొసగదనియు, బిడ్డ మాట వినడనియు, కూతురు అన్యమతస్థుని వరించినదనియు. సంపాదకుడు ఇంటి పెద్దవలె హితవు చెప్పెడివాడు. భార్యాబిడ్డలను విడిచి పరారియైన భర్తల ఛాయాచిత్రములను గూడ ఆ పత్రిక ప్రకటించెడిది! పోలీసు కచ్చేరికి బోయి తన మొఱ చెప్పుకొన భాషలేని స్త్రీకి ఆ పత్రికయే పుట్టినిల్లు, అదియే న్యాయస్థానము. భాష యున్నందున ఆమెకు దిక్కున్నది.

ఆ పత్రిక 1983లో దినపత్రిక గాక వారపత్రిక యయ్యెను. 2019లో అచ్చుటయు నిలిచెను. తాతలు గతించిన పిమ్మట మనుమలు ఆ లిపి యెఱుగక, తాతల పుస్తకములను చెత్తతో గలిపి పాఱవైచుచుండగా, ఆరన్ లాన్స్కీ అను యువకుడు 1980లో వానిని సేకరింప బూనెను. డెబ్బదివేలు మిగిలియుండునని పండితులు తలచిన పుస్తకములు పదిలక్షలకు మించి దొరికినవి. పుస్తకములకై పోయినపుడెల్ల ముసలివారు అతనిని గూర్చుండబెట్టి, ముందు భోజనము వడ్డించి, పిమ్మట ఒక్కొక్క పుస్తకమును చేతికిచ్చుచు దాని కథ చెప్పెడివారట. సొంత మనుమలకు చెప్పుకొనవలసిన దానిని వారు దారినబోవు యువకునకు చెప్పుకొనిరి. ఇదే యిడ్డిషు బ్రూక్లినులోని హసీదు మతవర్గపు యిండ్లలో మాత్రము నేటికిని పసిబిడ్డల నోట పలుకుచున్నది. కారణము మరల ఇల్లే.

ఇంగ్లీషు పగగాదు

ఇంతవఱకు చదివి, ఇంగ్లీషును దూరముంచుట మేలని యెవరైన తలతురేమో! అది పొరబాటు. ఉన్న దేశపు భాష రాని తల్లి ఎన్ని యిక్కట్లు పడునో వినుడు. వైద్యుని యొద్దకు బోవునపుడు ఎనిమిదేండ్ల కొడుకును దుబాసిగ దీసికొనిపోవును. తన గర్భవ్యాధిని కొడుకుతో చెప్పుటెట్లు? వైద్యుడు చెప్పిన చేదువార్తను ఆ బాలుడు తల్లికి చెప్పుటెట్లు? ఈ దుస్థితిని గమనించి 2016లో అమెరికా ప్రభుత్వము, ప్రాణాపాయ సమయమున దప్ప, ఆసుపత్రులు పసివారిని దుబాసులుగ వాడరాదని నిబంధన చేసెను. బిడ్డల విషయముననో, సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు బడులలో ఇంగ్లీషు తెలియని చీనా బిడ్డలు పదునెనిమిదివందలమంది, చెప్పునది బోధపడక బొమ్మలవలె కూర్చుండిరి. వారి పక్షమున తెచ్చిన వ్యాజ్యెములో 1974లో సుప్రీముకోర్టువారు, అందఱికి ఒకే పుస్తకము, ఒకే బల్ల ఇచ్చినంతమాత్రమున సమానత్వము గాదనియు, భాష తెలియని బిడ్డకు తోడ్పాటు చేయవలెననియు తీర్పు చెప్పిరి. కావున వీథిభాషయు కావలెను, ఇంటిభాషయు కావలెను.

రెండు భాషలు నేర్పిన బిడ్డ బుద్ధి మందగించునని పూర్వము చదువుకొన్నవారే చెప్పెడివారు. 1920 ప్రాంతముల పరీక్షలు చేసినవారు ఇంగ్లీషు సరిగా రాని బిడ్డలను ఇంగ్లీషున బ్రశ్నించి, వారు మందమతులని వ్రాసిపెట్టిరి! 1962లో కెనడాలోని మాంట్రియాలున ఇద్దఱు శాస్త్రజ్ఞులు పదేండ్ల బిడ్డలను సరియైన పద్ధతిని పరీక్షింపగా, రెండు భాషలు వచ్చినవారే మిన్నగ నుండిరి. రెండు భాషలు బిడ్డను అధికమేధావిని జేయునా యనుదానిపై నేటికిని వాదములు గలవు. కీడు మాత్రము చేయవను విషయమున వాదము లేదు. అయినను, బిడ్డకు మాటలు ఆలసించినచో ఇంట మీ భాష మానుడని చెప్పు ఉపాధ్యాయులును వైద్యులును నేటికిని అక్కడక్కడ కలరు. లిలీ వాంగ్ ఫిల్మోర్ అను పండితురాలు వేయికిపైగా వలసకుటుంబములను విచారించి, 1991లో ఒక వ్యాసము ప్రకటించెను. మూడు నాలుగేండ్ల ప్రాయముననే ఇంగ్లీషు శిశుపాఠశాలకు బోయిన బిడ్డలు త్వరలో ఇంటిభాషను విడుచుచున్నారనియు, ఇంగ్లీషు అంతగా రాని తల్లిదండ్రులు పెరిగిన బిడ్డలకు బుద్ధి చెప్పుటకును, దుఃఖమున నోదార్చుటకును మాటలు లేక చిక్కుపడుచున్నారనియు ఆమె హెచ్చరించినది. బిడ్డకు అన్నము పెట్టుటకు భాష యక్కఱలేదు. బిడ్డను పెంచుటకు భాష కావలెను.

మన తెలుగిండ్లు

ఇక మనవారి సంగతి. 1965లో అమెరికావారు దేశములవారీ పాత వలసకొలతలను రద్దుచేసి క్రొత్త చట్టము గావించిన పిమ్మట మన వైద్యులు, ఇంజనీర్లు, పండితులు అచ్చటికి బోవుట హెచ్చెను. 1977లో ఉత్తర అమెరికా తెలుగుసంఘమువారి తొలి మహాసభ న్యూయార్కున జరిగెను. గణకయంత్రముల పనులకు బోయినవారితో సంఖ్య మిక్కిలి పెరిగి, 2017 నాటికి ఇంట తెలుగు మాటలాడువారు నాలుగులక్షలు దాటిరి. 2010 మొదలు 2017 వఱకు ఆ దేశమున అతివేగముగ పెరిగిన భాష తెలుగేయని లెక్కలు తేల్చిరి. ఏడేండ్లలో నూటికి 86 వంతులు పెరిగినది. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థవారు 2007లో 'మనబడి'ని స్థాపించి, వారాంతముల బిడ్డలకు అక్షరములు దిద్దించుచున్నారు. ఈ వార్తలు విని మనము సంతోషింపవలసినదే. కాని ముందు చెప్పిన కాలువ సామెతను మఱవరాదు. ఇది పైనుండి వచ్చుచున్న క్రొత్తనీరు. అచ్చటనే పుట్టిన బిడ్డలు తమ బిడ్డలతో ఏ భాష పలుకుదురో దానినిబట్టి గాని అసలు లోతు తెలియదు.

వారమునకు రెండుగంటల బడి అక్షరములు నేర్పగలదు. మర్యాదను, చుట్టఱికమును ఇల్లే నేర్పవలెను. తెలుగున నీవు వేఱు, మీరు వేఱు. తాతగారిని 'నువ్వు రా' అని పిలిచిన బిడ్డ పొగరుబోతు గాడు. వానికి ఆ రెంటి భేదమును ఎవరును వినిపింపలేదు. మేనత్త, పిన్ని, పెద్దమ్మ, అత్తయ్య అందఱును ఇంగ్లీషున 'ఆంటీ' లోనే యిమిడిపోవుదురు. బావ, మఱదలు, వదిన, తమ్ముడి వరుస అంతయు 'కజిన్' అగును. మాట పోయినచోట వరుస పోవును. వరుస పోయినచోట రాకపోకలును సన్నగిల్లును.

2025 మార్చి 1వ తేదీని ఆ దేశాధ్యక్షుడు ఇంగ్లీషును అధికారభాషగా బ్రకటించుచు ఒక యుత్తరువు చేసెను. అది కచ్చేరీలకు సంబంధించినది. ఎవరి వంటింటిలోనికిని అది రాదు. పైకథలన్నిటివలన తేలినదేమనగా, చట్టము భాషను బాధింపగలదు, బడి భాషకు మెఱుగు పెట్టగలదు. భాష ప్రాణము మాత్రము తల్లి బిడ్డతో మాటలాడు మాటలోనే యున్నది. ఫిష్మన్ పండితుడును 1991లో వ్రాసిన గ్రంథమున, ఇంట ఒక తరమునుండి మఱొక తరమునకు భాష అందకపోయినచో తక్కిన ప్రయత్నములెన్ని చేసినను నిలువవని చెప్పియున్నాడు.

తల్లి యనగానే భారమంతయు కోడలిపై వేయుదురేమో! 'మా కోడలు పిల్లలకు తెలుగు నేర్పలేద'ని నిందించు అత్తగార్లు కొందఱు గలరు. ఆ కోడలు పగలెల్ల కొలువు చేసి, రాత్రి వంట జేసి, బిడ్డచేత ఇంగ్లీషు పాఠములు చదివించుచున్నది. మీ కుమారునకు నోరు లేదా? తండ్రి పలుకును తెలుగే. భోజనపు బల్లకడ తండ్రి అరగంట తెలుగు మాటలాడిన, ఆ యిల్లాలి భారము సగము తీఱును.

ఇచ్చట నున్న అమ్మమ్మలు, నాయనమ్మలు చేయదగిన పనులును గలవు. ఫోనులో మనుమనిని 'ఏమి తింటివి, బడికి పోతివా' అని నాలుగు ప్రశ్నలడిగిన, వాడు ఒక్కొక్క మాటతో బదులు చెప్పి ఫోనును తల్లి చేతికిచ్చి పోవును. ప్రశ్నలు మాని కథ చెప్పుడు. వారమున కొకటి, పట్టుగా నున్నచోట ఆపి, తక్కినది వచ్చు ఆదివారమని చెప్పుడు, వాడే పిలుచును. వాని తెలుగు తడబడినపుడు నవ్వకుడు, పదిమంది యెదుట వానిచేత పలికించి వేడుక చూడకుడు. ఒకసారి నవ్వులపాలైన బిడ్డ రెండవసారి నోరు తెఱవడు. వానివద్ద మీరును ఒక ఇంగ్లీషు మాట నేర్చుకొని, బదులుగ ఒక తెలుగు మాట నేర్పుడు; గురువుగానున్న బిడ్డకు శిష్యుడగుట కష్టముగా దోపదు. మీరు అచ్చటికి బోయిన ఆఱు నెలలును బిడ్డను వంటింట దగ్గఱ నిలుపుకొని పప్పు, చారు, పోపు, ఆవాలు, కరివేపాకు చేతికిచ్చుచు పేర్లు చెప్పుడు. పెద్ద యక్షరములతో వాని పేరే వ్రాసి ఒక యుత్తరము పంపుడు. తన పేరును మఱొక లిపిలో చదువుకొన్న బిడ్డకు ఆ లిపి పరాయిది గాదు.

దూరదేశమందలి మనుమలకు తెలుగు నిలిపిన సోదరీమణులు తాము చేసిన యుపాయములను, పడిన యిబ్బందులను ఈ శీర్షికకు వ్రాసి పంపుదురుగాక. ఒక యింట ఫలించిన యుపాయము పదియిండ్లకు తోడగును.